ఇల్లు ఇచ్చారు కదా, ఇంకా ఏడుపెందుకు?

బస్తీలు ఖాళీ చేయించడం గురించి ఈ మధ్య ఉత్తరాలు ఎక్కువయ్యాయి. ఖాళీ చేయించాలని కోరేవాళ్లు రాశారు, ఖాళీ చేయాల్సినవాళ్లూ రాశారు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే. ఇంటింటికీ తిరిగి పునరావాస సర్వే ఫారాలు నింపడమే చాలా ఏళ్లు నా ఉద్యోగం. కాబట్టి కొన్ని జవాబులు సాగదీసినట్టు అనిపిస్తే ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు వెనక ఉన్న బస్తీని ఖాళీ చేయిస్తున్నారు. ఊరి చివర ఒక్కో కుటుంబానికి పక్కా ఫ్లాటు ఇస్తారట. గది, వంటిల్లు, సొంత బాత్రూమ్ అన్నీ ఉంటాయట. ఇప్పుడు వాళ్లుంటున్నవి రేకుల ఇళ్లు. వానొస్తే మోకాటి లోతు నీళ్లు. అయినా మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఏడుస్తోంది. 'ఇంత మంచి ఇల్లు వస్తుంటే ఏడుపెందుకు' అన్నాను. మాట్లాడకుండా గిన్నెలు తోముకుని వెళ్లిపోయింది. నేనేమైనా తప్పుగా అన్నానా?
– ఒక గృహిణి

జవాబు: అడగడంలో తప్పేమీ లేదమ్మా. మోకాటి లోతు నీళ్లలో ఉండాలని ఎవరికుంటుంది? సొంత బాత్రూమ్ విలువ మీకన్నా ఆవిడకే బాగా తెలుసు. తెల్లారకముందే లేచి అందరూ వాడే మరుగుదొడ్డి ముందు వరసలో నిలబడేది ఆవిడే కదా. అయినా ఏడుస్తోందంటే, మీరు ఇంటిని చూస్తున్నారు, ఆవిడ దూరాన్ని చూస్తోంది.

ఆవిడ రోజు ఎలా గడుస్తుందో ఒకసారి ఆలోచించండి. మీ ఇంటితో కలిపి మూడో నాలుగో ఇళ్లలో చేస్తూ ఉండాలి. పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత. మధ్యలో ఇంటికెళ్లి వంట చేసి, బడి నుంచి వచ్చిన పిల్లలకు పెట్టి, కాసేపు నడుం వాల్చి వస్తుంది. నడిచి వెళ్లేంత దగ్గర్లో ఇల్లు ఉండబట్టి ఇదంతా కుదురుతోంది. రేపు రెండు బస్సులు మారి రావాలంటే చీకట్లోనే బయల్దేరాలి. మధ్యాహ్నం ఇంటికి పోయి రావడం జరగని పని. సాయంత్రం విడత కూడా చేస్తే ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. అందుకని నాలుగిళ్లలో రెండు వదిలేస్తుంది. మిగిలిన రెండిళ్ల జీతంలో బస్సు ఛార్జీలు పోగా ఎంత మిగులుతుందో చూసుకుని, కొన్నాళ్లకు 'ఈ మాత్రానికి ఎందుకులే' అని మానేస్తుంది. నేను చూసిన తరలింపుల్లో మగవాళ్లు తిట్టుకుంటూనైనా పాత పనికే వెళ్లొచ్చేవాళ్లు. ముందుగా పోయేవి ఆడవాళ్ల పనులే.

మా ఫారంలో 'కుటుంబ పెద్ద వృత్తి' అని ఒకే గడి ఉండేది. తాపీ మేస్త్రీ, డ్రైవరు, హమాలీ అని అందులో రాసేవాళ్లం. భార్య ఇళ్లలో పనిచేసి తెచ్చే డబ్బుకు గడి లేదు. గుమ్మంలో మిషను వేసుకుని బట్టలు కుట్టే అత్తగారి సంపాదనకు అసలే లేదు. గడి లేని ఆదాయం పోయినా రిపోర్టులో ఎక్కడా కనబడదు కదా! కాగితం మీద చూస్తే ఆ కుటుంబానికి ఏ నష్టమూ జరగలేదు, పైగా పక్కా ఇల్లు వచ్చింది.

గుమ్మం అన్నాను కాబట్టి ఆ సంగతి కూడా చెప్పాలి. బస్తీలో ఇల్లంటే సగం ఇల్లు, సగం దుకాణం. ముందు గదిలో చిన్న కొట్టు, అరుగు మీద ఇస్త్రీ బల్ల, గోడ వారగా తోపుడు బండి. ఫ్లాటు నాలుగో అంతస్తులో వచ్చిందనుకోండి, కొట్టుకి బేరం రాదు. తోపుడు బండి రాత్రిపూట ఎక్కడ పెట్టాలి? కింద వదిలేస్తే పొద్దునకు చక్రాలుండవు. పాత ఇనుము, అట్టముక్కలు ఏరి తెచ్చి వేరుచేసే కుటుంబాలకైతే మెట్ల కింద కూడా జాగా ఇవ్వరు. పైగా ఇదివరకు లేని ఖర్చులు మొదలవుతాయి. లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల లైట్లు, చెత్త, అన్నిటికీ నెలనెలా కట్టాలి. రోజు కూలీ మీద బతికేవాళ్లకు నెల బిల్లు అంటే ఎంత టెన్షనో జీతగాళ్లకు ఒక పట్టాన అర్థం కాదు.

ప్రపంచ బ్యాంకులో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త మైకేల్ సెర్నియా, ప్రాజెక్టుల కోసం కదిలించిన జనం ఎలా పేదలైపోతారో 1990ల్లో ఎనిమిది రకాలుగా వివరించాడు. భూమి పోవడం, పని పోవడం, ఇల్లు పోవడం, నలుగురిలో విలువ తగ్గి ఓ మూలకు నెట్టేయబడడం, తిండికి కరువవడం, జబ్బులూ చావులూ పెరగడం, అందరూ కలిసి వాడుకునే వనరులు దక్కకుండా పోవడం, చివరగా మనుషుల మధ్య అల్లిక తెగిపోవడం. ఈ ఎనిమిదిలో ఫ్లాటు తీర్చేది ఒక్కదాన్ని.

ఆ చివరిదాన్ని అధికారులు తేలిగ్గా తీసిపారేస్తారు. నాకు మాత్రం అన్నిటికన్నా పెద్ద నష్టం అదే అనిపిస్తుంది. మీ పనావిడ పొద్దున్నే మీ ఇంటికొస్తే ఆమె చంటిబిడ్డను ఎవరు చూస్తున్నారు? పక్కింటి ముసలమ్మ. జ్వరమొచ్చి వారం పని లేకపోతే సరుకులు అరువిచ్చేది ఎవరు? సందు చివరి కొట్టతను. ఫలానా చోట మనిషి కావాలంటున్నారని కబురు తెచ్చేది, రాత్రివేళ ఆస్పత్రికి ఆటో కట్టేది, చీటీ నడిపేది, తాగి వచ్చిన మొగుణ్ణి నలుగురూ కలిసి అదుపులో పెట్టేది, అన్నీ ఆ సందులోనే. లాటరీ తీసి ఒకరికి మూడో బ్లాకు, ఇంకొకరికి పదిహేనో బ్లాకు ఇచ్చేసరికి ఈ ఏర్పాట్లన్నీ ఒక్కరోజులో పోతాయి. మళ్లీ కుదరడానికి ఏళ్లు పడుతుంది. ఒక్కోసారి కుదరనే కుదరవు.

ఇది ఇప్పటి సంగతీ కాదు, ఒక్క దేశం సంగతీ కాదు. అమెరికాలోని బోస్టన్ నగరంలో వెస్ట్ ఎండ్ అనే పేటను 1950ల చివర్లో మురికివాడ అని ముద్ర వేసి పడగొట్టారు. అక్కడినుంచి వెళ్లిపోయినవాళ్లతో మార్క్ ఫ్రైడ్ అనే మనస్తత్వవేత్త మాట్లాడితే, సొంతమనిషి చనిపోతే పడేలాంటి దుఃఖమే చాలామందిలో కనిపించింది. రెండేళ్లు గడిచినా తేరుకోనివాళ్లున్నారు. అదే దశాబ్దంలో నైజీరియాలోని లాగోస్ నగరం నడిబొడ్డున ఇరుకు ఇళ్లు తీసేసి కుటుంబాలను సురులేరె అనే శివారుకు పంపారు. పీటర్ మారిస్ అనే పరిశోధకుడు వెళ్లి చూస్తే కొత్త ఇళ్లు మెరుగ్గానే ఉన్నాయి. కానీ చిల్లర వ్యాపారాలు చేసుకునేవాళ్లకు బేరాలు పడిపోయాయి. నాలుగడుగుల్లో ఉండే అన్నదమ్ములు, తల్లులు, మేనత్తలు తలోదిక్కయ్యారు.

పక్కా ఇళ్లన్నీ ఆరోగ్యానికి మంచివని కూడా అనుకోకండి. ముంబయిలో ఒకదానికొకటి ఆనుకున్నంత దగ్గరగా కట్టిన కొన్ని పునరావాస బ్లాకుల్లో, గాలీ వెలుతురూ అందని కింది అంతస్తుల వాళ్లకు టీబీ ఎక్కువగా వస్తున్నట్టు అధ్యయనంలో తేలింది.

మీరు చేయగలిగింది చెప్తాను. ఆవిడ ఫలానా సంవత్సరం నుంచి మీ ఇంట్లో పనిచేస్తోందని తేదీ వేసి, సంతకం పెట్టి ఒక కాగితం రాసివ్వండి. అక్కడే ఉంటోందనడానికి, ఇక్కడే బతుకుతోందనడానికి అది పనికొస్తుంది. వెళ్లక తప్పకపోతే పని వేళలు మార్చండి. రెండు విడతలను ఒకటి చేసినా జీతం మాత్రం తగ్గించకండి. బస్సు పాసు డబ్బులు మీరూ, ఆమె చేసే మిగతా ఇళ్లవాళ్లూ పంచుకుంటే ఆమె పని నిలబడుతుంది, మీకూ నమ్మకమైన మనిషి మిగులుతుంది.

ప్రశ్న: ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్లను వాళ్లు అద్దెకిచ్చేసి, కొందరైతే అమ్మేసి, మళ్లీ ఏదో బస్తీలోకి వచ్చి చేరతారు. అవి మా పన్నులతో కట్టినవి. ఇది మోసం కాదా? ఇలాంటివాళ్ల మీద మీకు జాలెందుకు?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: మోసం చేసేవాళ్లు ఉన్నారు. ముఖ్యంగా బస్తీలో ఎప్పుడూ ఉండని మనిషి పేరు మీద ఇల్లు పుట్టించే బ్రోకర్లు, వాళ్లకు పేర్లు అందించే చోటా నాయకులు. వాళ్ల మీద నాకూ జాలి లేదు. అయితే మీరు అడుగుతున్నది మామూలు కుటుంబాల గురించి. దానికి అహ్మదాబాద్ కథ చెప్తాను.

అక్కడ 1987లో బస్తీల్లో ఉండే మహిళలకు లాటరీ తీసి, ఊరి నుంచి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఇళ్లు కేటాయించారు. వీళ్లెవరినీ తరిమేయలేదు. ఇల్లు కావాలని తమంతట తామే దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు. షారన్ బార్న్‌హార్ట్, ఎరికా ఫీల్డ్, రోహిణీ పాండే అనే ముగ్గురు ఆర్థికవేత్తలు లాటరీ తగిలినవాళ్లనూ తగలనివాళ్లనూ చాలా ఏళ్ల తర్వాత పోల్చి చూసి 2017లో ప్రచురించారు. ఇల్లు వచ్చినవాళ్లలో 34 శాతం మంది అసలు అక్కడికి వెళ్లనే లేదు. మరో 32 శాతం మంది వెళ్లి, 14 ఏళ్లలోపు వదిలేసి వచ్చారు. ఇల్లు మెరుగైనా కుటుంబ ఆదాయంలో తేడా లేదు, పిల్లల చదువుల్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా కనిపించింది ఒక్కచోటే. కష్టం వస్తే చేబదులు ఇచ్చి ఆదుకునే మనుషులు ఇల్లు వచ్చినవాళ్లకే తక్కువయ్యారు.

కోరుకుని తీసుకున్న ఇంట్లోనే మూడొంతుల్లో రెండొంతుల మంది నిలవలేదంటే, బుల్‌డోజర్ తెచ్చి పంపినవాళ్లు నిలవకపోవడంలో వింతేముంది?

ఇంకో మాట. మీ స్నేహితుడెవరైనా ఊరి చివర ఫ్లాటు కొని, దాన్ని అద్దెకిచ్చి, తను ఆఫీసు దగ్గర అద్దెకుంటే దాన్ని మనం తెలివి అంటాం. హమాలీ పనిచేసే మనిషి అదే లెక్క వేసుకుంటే మోసం అంటున్నాం. అతనికి మార్కెట్ దగ్గర ఉండడం మీకు ఆఫీసు దగ్గర ఉండడం కన్నా ఎక్కువ అవసరం. సరుకు లారీ రాత్రి రెండింటికి వస్తే నడిచి వెళ్లగలిగినవాడికే ఆ పూట కూలి దక్కుతుంది.

అమ్ముకున్నవాళ్ల ఇళ్లకు వెళ్లి కారణం అడిగే పని కూడా నాకు పడింది. ఎక్కువమంది చెప్పింది ఆస్పత్రి ఖర్చు, ఆ తర్వాత అప్పు. పని దూరమై రాబడి తగ్గిన ఇంట్లో జబ్బు వస్తే అమ్మడానికి మిగిలేది ఆ ఫ్లాటే. పైగా అధికారికంగా అమ్మకూడదు కాబట్టి చిత్తు కాగితం మీద సగం ధరకే పోతుంది. మీ పన్ను డబ్బు వృథా అయిందన్న బాధ న్యాయమైనదే. కాకపోతే అది వృథా అయింది వాళ్లు తిరిగొచ్చిన రోజున కాదు, బతుకుతెరువుకు అందనంత దూరంలో స్థలం చూసిన రోజున. శివారు భూమి చవక అని అక్కడ కడతారు. ఆ మిగిల్చిన డబ్బు రోజూ బస్సు ఛార్జీల రూపంలో కట్టేది ఆ కుటుంబాలు.

ప్రశ్న: నేను పర్యావరణ సంఘంలో పనిచేస్తున్నాను. కాలువ మీదా నది ఒడ్డునా గుడిసెలు వేస్తే వరద ఊరందరినీ ముంచుతుంది. ముందు చనిపోయేదీ వాళ్లే. అయినా తీసేయొద్దంటారా?
– ఒక విద్యార్థి

జవాబు: తీసేయొద్దని నేను ఎక్కడా అనలేదు బాబూ. వరద కాలువ నడుమ, హైటెన్షన్ తీగల కింద, జారిపడే కొండచరియ మీద ఎవరినీ ఉండనివ్వకూడదు. అయితే ప్రమాదం అనే మాట విన్నప్పుడల్లా నేను మూడు సంగతులు చూస్తాను.

మొదటిది, అదే ఒడ్డున ఉన్న పెద్ద భవనాలకు కూడా అదే గీత గీశారా? గుడిసెకు ప్రమాదమై, దాని పక్కనున్న ఎత్తైన ప్రహరీకి ప్రమాదం కాకపోతే అక్కడ అసలు భయం వరద గురించి కాదు. రెండోది, ఖాళీ అయిన జాగాలో ఏం వస్తోంది? నీళ్లు పారడానికి వదిలేస్తే సరే, పార్కింగు వస్తే సరి కాదు. మూడోది, పంపే చోటు సురక్షితమేనా? చెన్నైలో కూవం, అడయార్ ఒడ్డుల నుంచి వేల కుటుంబాలను పెరుంబాక్కం, సెమ్మంజేరి కాలనీలకు పంపారు. అవి పల్లికరణై చిత్తడినేలల పక్కన ఉన్న పల్లపు ప్రాంతాలు. అక్కడా వరద నీళ్లు వస్తాయి. నీటి భయం పేరుతో కదిలించి, పాతిక కిలోమీటర్ల అవతల మళ్లీ నీళ్ల దగ్గరే పెట్టారు. ఇక ముంబయిలో కొందరిని పంపిన మాహుల్ చమురు శుద్ధి కర్మాగారాల పక్కన ఉంది. అక్కడి గాలి పీల్చలేమని జనం ఏళ్ల తరబడి పోరాడారు.

కాలువ ఒడ్డును బాగుచేయాలంటే జనాన్ని ఊరి నుంచే తీసేయనక్కర్లేదు. బ్యాంకాక్‌లో బాంగ్ బువా అనే కాలువ మీదకు ఇళ్లు పొడుచుకొచ్చి ఉండేవి. థాయ్‌లాండ్ ప్రభుత్వం 2003లో మొదలుపెట్టిన 'బాన్ మన్‌కాంగ్' కార్యక్రమం కింద ఆ ఒడ్డు మీది పేటలన్నీ ఒక జట్టుగా ఏర్పడ్డాయి. అందరూ పొదుపు చేశారు, ఉమ్మడిగా అప్పు తీసుకున్నారు, భూమిని ఉమ్మడిగా లీజుకు తీసుకున్నారు. ఇళ్లను నీటి మీద నుంచి వెనక్కి జరిపి, చిన్నవి చేసుకుని, వరసలు సరిచేసుకుని కట్టుకున్నారు. కాలువ పక్కన నడిచే దారి వచ్చింది. ఉన్నచోటే ఉన్నారు కాబట్టి పనికీ బడికీ దూరం కాలేదు.

దీనికన్నా చవకైన పని కూడా ఉంది. 1969లో ఇండోనేషియాలోని జకార్తాలో మొదలైన కంపుంగ్ (అక్కడి పేదల పేటలు) కార్యక్రమం అసలు ఇళ్ల జోలికే పోలేదు. సందుల్లో నడవడానికి దారులు, పక్కన కాలువలు, మంచినీటి కుళాయిలు, మరుగుదొడ్లు వేసింది, అంతే. ఖాళీ చేయిస్తారన్న భయం తగ్గేసరికి జనమే ఇళ్లు బాగుచేసుకున్నారు. కరాచీలో ఒరంగి అనే పెద్ద బస్తీలో 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ మొదలుపెట్టిన పనిలో, సందులోని మురుగు పైపు ఖర్చు ఆ సందువాళ్లే పెట్టుకున్నారు. ఇంజినీరింగ్ సలహా ప్రాజెక్టు ఇచ్చింది, పెద్ద కాలువలు ప్రభుత్వ బాధ్యత. అంతమంది పేదలు సొంత డబ్బుతో డ్రైనేజీ వేసుకుంటారని అప్పట్లో అధికారులు నమ్మలేదు. ఎప్పుడైనా తీసేస్తారన్న భయం ఉన్న ఇంటికి ఎవరూ సిమెంటు పెట్టరు, ఉంటుందన్న నమ్మకం ఉంటే పెడతారు. బస్తీ ఇళ్లు రేకులుగానే మిగిలిపోవడానికి పేదరికం ఎంత కారణమో ఆ భయమూ అంతే కారణం.

మీ సంఘం తరఫున ఒక పని చేయండి. ఒడ్డున ఉన్నవాటిలో నిజంగా ప్రవాహానికి అడ్డుపడుతున్న ఇళ్లేవో, పక్కకు జరిపితే సరిపోయేవేవో, అసలు జోలికి పోనక్కర్లేనివేవో విడివిడిగా మ్యాపు మీద గుర్తు పెట్టమని అడగండి. అందరినీ కలిపి ఒకే ఎర్ర గీతతో కొట్టేస్తే సర్వే చేసేవాళ్లకు పని తేలిక. తరలించక తప్పని ఇళ్లు తక్కువే తేలతాయి. ఆ కొద్దిమందికి ఆ చుట్టుపక్కలే చోటు దొరకదని ఎవరైనా చెబితే, ఆ చుట్టుపక్కల ఖాళీగా ఉన్న ప్రభుత్వ స్థలాల జాబితా కూడా అడగండి.

ప్రశ్న: బస్తీలే లేని నగరం సాధ్యమా?
– ఒక పాఠకుడు, పోస్టుకార్డు మీద

జవాబు: పడగొట్టడం వల్ల మాత్రం సాధ్యం కాదు. లాగోస్‌లో 1990 జులైలో మరోకో అనే పేటను కూల్చితే సుమారు మూడు లక్షల మంది రోడ్డున పడ్డారు. జింబాబ్వేలో 2005లో జరిపిన కూల్చివేతల్లో ఇల్లో, బతుకుతెరువో, రెండూనో పోగొట్టుకున్నవాళ్లు ఏడు లక్షల మంది అని ఐక్యరాజ్యసమితి ప్రతినిధి అన్నా తిబైజుకా నివేదిక ఇచ్చింది. అంతమందీ ఆకాశంలో కలిసిపోరు కదా. ఇంకో బస్తీలో, ఇంకో వంతెన కింద, ఇంకా ఇరుగ్గా తేలతారు. కూలీ డబ్బుతో అద్దె కట్టగలిగే గదులు పని దొరికే చోట ఉంటే కొత్త బస్తీ పుట్టే అవసరం తగ్గుతుంది. పోస్టుకార్డుకు ఇంతే పడుతుంది.

ప్రశ్న: మా బస్తీకి నోటీసు వచ్చింది. తలుపుల మీద నంబర్లు వేసి వెళ్లారు. మేం అక్కడ ఎనిమిదేళ్లుగా అద్దెకుంటున్నాం. నంబరు ఓనరు పేరు మీద పడింది, ఆయన వేరే చోట ఉంటాడు. నాన్న లేరు. అమ్మ ఇళ్లలో పనిచేస్తుంది. నేను డిగ్రీ రెండో సంవత్సరం. అమ్మకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మాకేమీ రాదా?
– ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, నీ ఉత్తరానికి ముందు జవాబు రాసి, మిగతావి తర్వాత రాశాను. పత్రికలో చివర వస్తున్నా ముందే నీకు విడిగా పోస్టు చేశాను.

అద్దెకున్నవాళ్లను వదిలేయడం చాలా పథకాల్లో జరుగుతుంది. ఎక్కువ కాలం ఉన్నా, కాగితం లేనివాళ్లనూ వదిలేస్తారు. ముంబయిలో చాలాకాలం 2000 జనవరి 1కి ముందు నుంచీ ఉన్నట్టు రుజువు చూపినవాళ్లకే ఉచిత ఇల్లు అనే నిబంధన నడిచింది. రుజువు చూపలేనివాళ్లు ఒక్క రోజు తేడాతో కూడా ఎవరికీ పట్టనివాళ్లయ్యారు. అందుకని మీ పని ఈ రోజే మొదలుపెట్టు.

ఎనిమిదేళ్లలో ఆ చిరునామా పడిన ప్రతి కాగితం బయటికి తియ్యి. మీ బడి, కాలేజీ కాగితాలు, బ్యాంకు పాసుబుక్కు, ఆస్పత్రి చీటీలు, టీకాల కార్డు, గ్యాసు రసీదు, పోస్టులో వచ్చిన పాత కవర్లు, అద్దె రాసుకున్న నోటుబుక్కు, ఏదైనా సరే. సంవత్సరాల వారీగా పేర్చి జిరాక్సులు తీయించు. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వొద్దు, 'చూసి ఇచ్చేస్తాను' అన్నవాళ్లకు కూడా. ఇంటి బయటా లోపలా, తలుపు మీద నంబరుతో సహా ఫోటోలు తీసి ఇంకొకరి ఫోనుకు కూడా పంపి ఉంచు.

తర్వాత అమ్మ పేరు మీద ఒక అర్జీ రాయండి. ఈ ఇంట్లో ఉంటున్నది మేము, ఓనరు కాదు, మమ్మల్ని విడి కుటుంబంగా సర్వేలో చేర్చాలి అని. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఆఫీసు ముద్రా తేదీ వేయించుకుని తెచ్చుకోండి. నోటిమాటగా చెప్పింది ఏదీ లెక్కలోకి రాదు. మీలాగే అద్దెకున్న మిగతావాళ్లు కూడా కలిసి వస్తే అదే రోజు అందరూ ఇవ్వండి. ఒక్కొక్కరుగా వెళ్తే రేపు రమ్మంటారు.

సర్వేవాళ్లు మళ్లీ వచ్చినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి. తలుపుకు తాళం ఉంటే 'తాళం వేసి ఉంది' అని రాసి పక్కింటికి వెళ్లిపోతారు. ఆ మూడు మాటలు చెరిపించడానికి కుటుంబాలు నెలల తరబడి తిరగడం చూశాను. పొద్దున పనికెళ్లే ఆడవాళ్ల ఇళ్లే ఎక్కువగా అలా పోతాయి. జాబితా గోడకు అంటించిన రోజున అక్షరం అక్షరం చదువు. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా వెంటనే రాసివ్వు.

ఖాళీ కాగితం మీద అమ్మ చేత సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టించనివ్వొద్దు. 'స్వచ్ఛందంగా ఖాళీ చేస్తున్నాం' అని పైన టైపు చేసిన ఫారాలు తిప్పుతుంటారు, చదవకుండా ముట్టుకోవద్దు. ఇల్లు ఇప్పిస్తానని డబ్బు అడిగేవాడు రాకుండా ఉండడు, అతన్ని గుమ్మం బయటే నిలబెట్టు.

చట్టం గురించి నీకు తెలియాల్సింది కొంత ఉంది. ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక హక్కుల కమిటీ 1997లో ఇచ్చిన ఏడో సాధారణ వ్యాఖ్య (హక్కుల అర్థాన్ని వివరించే పత్రం) ప్రకారం, ఖాళీ చేయించే ముందు ఆ జనంతో నిజంగా సంప్రదించాలి, తగినంత గడువుతో నోటీసు ఇవ్వాలి, వాళ్లు ఒప్పుకోకుండా రాత్రిపూటా వాతావరణం బాగాలేనప్పుడూ ఖాళీ చేయించకూడదు, దాని వల్ల ఎవరూ నిలువనీడ లేనివాళ్లు కాకూడదు. భారత సుప్రీంకోర్టు 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో, జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా ఉందని చెప్పింది. పేవ్‌మెంట్ల మీద ఉండేవాళ్లు పని దగ్గర్లో ఉంది కాబట్టే అక్కడ ఉంటున్నారని ఒప్పుకుంది. అలాగని ఖాళీ చేయించవద్దని అనలేదు, అది కూడా నీకు దాచకుండా చెప్పాలి. నోటీసు, వాదన వినిపించే అవకాశం మామూలుగా ఇవ్వాల్సిందే అంది. కాబట్టి మీ అర్జీలో అమ్మ పనిచేసే ఇళ్లు ఎంత దూరంలో ఉన్నాయో, కొత్త చోటి నుంచి ఎంత సమయం పడుతుందో రాయండి. కొత్త చోటు ఏదో తెలిస్తే ఆదివారం కాకుండా పనిరోజున, అమ్మ పనికి బయల్దేరే వేళకే అక్కడినుంచి బస్సు ఎక్కి రండి. అప్పుడు తెలిసే సమయం నిజమైన సమయం.

ఒకవేళ కేటాయింపు వస్తే అది అమ్మ పేరు మీదే ఉండాలని అడగండి. మీ సందులోవాళ్లంతా ఒకే బ్లాకు కావాలని ముందే కలిసి రాసివ్వండి. లాటరీ అయ్యాక మార్చమంటే ఎవరూ మార్చరు. ముసలివాళ్లు, నడవలేనివాళ్లు ఉన్న ఇళ్లకు కింది అంతస్తు అడగాలి.

అమ్మను పగటిపూట ఒకసారి డాక్టరుకు చూపించు, నిద్ర లేకపోతే బీపీ, షుగరు పెరగొచ్చు. ఆ చీటీ మీద చిరునామా రాయించుకోవడం మర్చిపోకు. అర్జీ కింద నీ పరీక్షల తేదీలు కూడా రాసి, అవి అయ్యేదాకా గడువు కావాలని అడుగు. పరీక్షల టైమ్‌టేబుల్ జిరాక్సు జతచెయ్యి.